ఎర్రచుక్క విజయము

ఇంటింటి డాబాలపై వెల్లకిల పరుండి ఆకాశమునుండి రాలు బొమ్మలను పట్టుకొను తెల్లని డిష్షులతో విరాజిల్లునదియు, ఒక వాటాలో తుమ్మినచో పక్క వాటావారు నూరేళ్లు బ్రతుకుమని పలుకునంతటి పలుచని గోడలు గలదియు, ఉదయమున స్కూటర్ల సింహనాదములతోను సాయంకాలమున కుక్కర్ల శంఖారావములతోను దద్దరిల్లునదియు నగు ఒకానొక వీధియందు, గురువారము నాడు, ఎండ మెట్లమీదుగా మెల్లమెల్లగా దిగిపోవు వేళ, రెండవ అంతస్తు ఎడమచేతి వాటాలో, ముప్పదిరెండంగుళముల తెర యెదుట ఒక మహాసంగ్రామము జరిగెను. అందు రక్తము చిందలేదు. ఒక టీ గ్లాసు మాత్రము ఒరిగెను. అయినను అంతటి యుద్ధము ఆ వీధిలో అంతకుముందు జరుగలేదనుటకు మొదటి అంతస్తువారే సాక్షులు, నెత్తిమీద ఒకటే అడుగుల చప్పుడని వారు పైకప్పును చీపురుకట్టతో రెండుమార్లు పొడిచిరి గనుక.

ఆ రణమునకు నాయకుడు ఒక విశ్రాంత గడియారాల మెకానిక్కు. కృశగాత్రుడు, దీర్ఘజంఘుడు, క్షణమొకచోట నిలువనివాడు అగుటచే పిన్నపెద్దలందరును ఆయనకు సెకన్లముల్లు అని బిరుదమొసంగిరి. కుడికంట భూతద్దము బిగించి, నలుబదేండ్లపాటు, ఆగిపోయిన గడియారముల గుండెలను మరల కొట్టించిన ఘనవైద్యుడాయన. అంగడి మూసి నాలుగేండ్లయినను కాలముపై అధికారము ఇంకను తన చేతనే యున్నదని ఆయన దృఢవిశ్వాసము. ఆ అధికారమునకు సింహాసనము హాలు గోడపై వ్రేలాడు లోలకపు గడియారము. ఆయన చేతిగడియారము, పడకగది అలారము, తుదకు సెల్‌ఫోనులోని అంకెలు సైతము ఆ సింహాసనమునకు కప్పము కట్టునవే. సెల్‌ఫోను తనంతట తాను చూపిన సమయము తప్పని తేల్చి, ఆయనే స్వహస్తములతో దానిని సవరించెను.

అట్టి మహనీయునికి లోకముపై ఒక్కటే ఫిర్యాదు: లోకము పది నిమిషములు ఆలస్యముగా నడచుచున్నది. తొమ్మిది గంటల వార్తలు తొమ్మిదీ పదికి వచ్చును. ఐదింటికి తెరుతునన్న ఎదుటి కొట్టువాడు ఐదూ పదికి తెరచును. ఈ సార్వత్రిక సోమరితనమును ఖండించుచు ఆయన టీవీవారికి మూడు ఉత్తరములు వ్రాసెను. జవాబు రాలేదు. అదియు ఆలస్యమగుచున్నదని సరిపెట్టుకొనెను.

ఆయన ఇల్లాలు సిటీ బస్సు డ్రైవరు. నలుబది రెండు సీట్ల మహారథమును, నిలుచున్న మరి యరువది మందితోను, ఫుట్‌బోర్డుపై వ్రేలాడు వీరులతోను సహా, వెంట్రుకవాసి తేడాతో ఇరుకు మలుపులు త్రిప్పు సారథి. వీధికంతకును డ్రైవరమ్మ. ఉద్యోగములో చేరిన మొదటి నెల మాటెందుకు గాని, ఆ తరువాత ముప్పదియొక్క సంవత్సరములలో డ్యూటీకి ఒక్కనాడైనను ఆలస్యముగా పోయి యెరుగదు. వచ్చు శనివారముతో ఆమె పదవీవిరమణ.

ఇట్లుండగా రెండు వారములకు ముందు కెమెరా భుజానవేసుకొని ఒక టీవీ మనిషి ఆమె బస్సెక్కి, పూటంతయు పక్కన నిలుచుండి ఆమె నడుపుచుండుటను పట్టుకొనిపోయెను. కార్యక్రమము పేరు 'దారి పొడవునా' అనియు, గురువారము నాలుగున్నరకు ఒక్కసారియే వచ్చుననియు, మరల వేయరనియు చెప్పెను. ఛానలు పేరు కూడ చెప్పెను గాని సరిగా అప్పుడే మలుపు వచ్చెను. మలుపు వేళ ఆమెకు కన్నులు తప్ప తక్కిన ఇంద్రియములు పనిచేయవు. గురువారము ఆమె డ్యూటీ రాత్రి ఏడింటివరకు.

బయలుదేరుచు ఆమె గుమ్మములో నిలిచి భర్తతో అన్నది: "ముప్ఫయ్యొక్క ఏళ్లు రోడ్డు చూశాను. అద్దంలో వెనకాల జనాన్ని చూశాను. నడిపేటప్పుడు నేనెలా ఉంటానో మాత్రం నాకే తెలీదండీ. ఒక్కసారి చూసుకోవాలి. రికార్డు చేసిపెట్టండి."

అంతట సెకన్లముల్లు నిటారుగా నిలిచి, సూర్యచంద్రులు గతి తప్పినను, సప్తసముద్రములు ఇంకిపోయినను, ఆ అరగంటను బందీగావించి నీ పాదములకడ పడవేయకున్నచో నేను గడియారాల మెకానిక్కునే కానని భీషణప్రతిజ్ఞ గావించెను. అక్షరాల ఆయన నోటివెంట వచ్చినది మాత్రము ఇంతే: "నువ్వెళ్లిరా. ఆ డబ్బా సంగతి నేను చూసుకుంటాగా."

డ్రైవరమ్మ ఒక్కమారు హాలులోని వాలుకుర్చీ వంక చూచి మెట్లు దిగెను.

ఆ వాలుకుర్చీలో ఉన్నది ఆమె తల్లి, అనగా మన నాయకుని అత్తగారు. వయస్సు ఎనుబదిరెండు. పూర్వము టెలిఫోన్ ఎక్స్చేంజిలో రెండు చేతులతో ఇరువది వైర్లు గుచ్చి, ఊరిలో సగముమందిని తక్కిన సగముతో మాట్లాడించిన ఆపరేటరమ్మ. మీట యన్నది ఎక్కడ కనబడినను దాని మనస్సులోని మాట ఆమెకు తెలియును. కాని ఆమెనడుగుట యనిన సెకన్లముల్లుకు పన్ను పీకించుకొనుట కన్న కష్టము. నలుబదేండ్లు ఊరికంతకు టైము చెప్పినవాడు, అత్తగారిని ఏ మీట నొక్కవలెనని అడుగుటయా?

లోలకపు గడియారము నాలుగు గంటలు కొట్టగానే ఆయన రిమోటను ఆయుధమును చేతబట్టి రణరంగమున దూకెను. ఆయన యుద్ధవిద్య యొక్కటే: ఒకటవ ఛానలునుండి మొదలుపెట్టి పైకి నొక్కుకొనుచు పోవుట. టీవీ క్రింది సెట్‌టాప్ పెట్టెలో నున్న ఛానళ్లు నాలుగువందల పదునారు. ప్రతిదానిముందు ఒక క్షణము నిలిచి, ఇదియా కాదా యని కన్నులు చికిలించి, ముందుకు సాగుచుండెను. పదునేడవ ఛానలులో ఒకడు జుట్టు మొలిపించు తైలమును అమ్ముచుండెను. నలుబదియవ దానిలో వాడే అదే తైలమును కీళ్లనొప్పులకు అమ్ముచుండెను. డెబ్బదియొకటిలో పులి జింకను తరుముచుండెను. అది దొరుకునో లేదో చూచిపోదమని మన వీరుడు రెండు నిమిషములు నిలువబడెను. జింక తప్పించుకొనెను. ఆయన సంతసించెను. కాలము కరగెను.

నూట ముప్పదియవ ఛానలు చేరునప్పటికి గోడపై నాలుగూ ఇరువది. బొటనవ్రేలు ఎర్రబడెను. వాలుకుర్చీలోనుండి మెల్లగా ఒక స్వరము వినవచ్చెను.

"ఇంటింటి తలుపూ కొట్టుకుంటూ పోతే ఎప్పటికి దొరుకుతారు అల్లుడుగారూ? ఊరందరి పేర్లూ ఒకచోట రాసున్న పట్టికుంది కదా. గైడ్ అని రాసుంటుంది, కుడివైపు మీట."

ఆ పట్టికను గూర్చి ఆయనకు తెలియకపోలేదు. దానిని నమ్మడు. తొమ్మిది గంటల వార్తలను తొమ్మిదీ పదికి వేయువారు వ్రాసిన పట్టికలో సత్యమేముండునని ఆయన వాదము. ఆ వాదమునే మరియొకమారు సవిస్తరముగా వినిపించెను. అత్తగారు విని, వ్రేలెత్తి ఆ కుడివైపు మీటనే మరల చూపెను. తుదకు ఆయన, తాను కాక మరెవరో నొక్కుచున్నట్లు మొగము పక్కకు త్రిప్పుకొని, ఆ మీటను నొక్కెను.

తెర చీలినట్లయి వ్యూహము గోచరించెను. ఎడమవైపున ఛానళ్లు సేనాపతులవలె బారులు తీరియుండ, పైన అరగంటకొక గడి చొప్పున కాలము పరచుకొనియుండ, నడుమ గడిగడియందును ఒక్కొక్క కార్యక్రమము పేరుతో సహా కూర్చుండియుండెను. ఇప్పుడేమి వచ్చుచున్నది, తరువాత ఏమి, రేపు ఏమి, వచ్చు మంగళవారము ఏమి, అన్నియు అందు కలవు. కుడివైపు పైమూలలో మాత్రము ఒక చిన్న అంకె వెలుగుచుండెను: నాలుగూ పది.

సెకన్లముల్లు గోడవంక చూచెను. నాలుగూ ఇరువది. తెరవంక చూచెను. నాలుగూ పది. ముక్కుపుటములు అదరెను. కాలచోరులారా, పట్టపగలు పది నిమిషములు మ్రింగి మూతి తుడుచుకొందురా, యని ఆయన గర్జించెను. ఆ గర్జన పైకి మాత్రము "చూశారా అత్తయ్యా, దొంగ టైము" అని వినబడెను.

"చూశాన్లెండి. ముందు పేరు వెతకండి. పైన భూతద్దం బొమ్మ ఉంటుంది, అందులోకి పొండి."

భూతద్దము! నలుబదేండ్ల నేస్తము కనబడగానే ఆయనకు ప్రాణము లేచివచ్చెను. దానిపై నొక్కగనే అక్షరముల పలక యొకటి విచ్చుకొనెను. బాణపు మీటలతో అక్షరమునుండి అక్షరమునకు గెంతుచు పోవలెను. 'ద' కొరకు బయలుదేరిన వీరుడు 'థ'లో కూలెను. వెనుకకు గెంతి 'త'లో పడెను. అచటినుండి ఒక వరుస దిగజారి 'న'లో చిక్కుకొనెను. పక్షిప్రాణములంతటి స్క్రూలను ఊపిరి బిగించి బిగించిన ఆ వ్రేళ్లు, ఒక్క 'ద'ను పట్టలేక తడబడెను. మోకాలు టీపాయికి తగిలి టీ గ్లాసు ఒరిగెను. తుదకు 'దా' అని రెండు గుర్తులు పడగానే, తక్కినది మేమే చూచుకొందుమన్నట్లు, తెరపై ఒక జాబితా జలజల రాలెను: దానిమ్మతోటలో లాభాలు, దాచుకున్న ఉత్తరం, దారి పొడవునా.

దారి పొడవునా! మూడువందల ఎనుబదియొకటవ ఛానలు. గురువారము. నాలుగున్నర. తానెంచుకొన్న మార్గమున పోయినచో ఆ కోటను చేరుటకు మరి యరగంట పట్టెడిది. ఆయన అటు తలయెత్తి గోడవంక చూచెను. గోడపై నాలుగూ ముప్పదియొకటి.

సెకన్లముల్లు సోఫాలో కూలబడెను. డ్రైవరమ్మ షూ లేసులు బిగించుకొని మెట్లు దిగిన చప్పుడు చెవులలో మరల వినబడెను. ఆ చప్పుడు ఇంక రెండు దినములే.

"ఏమైంది, అలా చతికిలబడ్డారు?"

"అయిపోయింది అత్తయ్యా. నాలుగున్నర దాటి నిమిషమైంది. దాని మొహం మొదట్లోనే వచ్చేసుంటుంది. ఏమని చెప్పను దానికి?"

"దాటింది మీ గడియారంలో. తెరమీద ఇంకా నాలుగూ ఇరవయ్యొకటే."

"అది తప్పు టైము."

"తప్పే అనుకోండి. ఆ తప్పు టైముకే కదా వాళ్లు బొమ్మ వేసేది? మన టైము వాళ్లకెవరు చెప్పారు?"

ఈ వాక్యము వజ్రాయుధమువలె వచ్చి తాకెను. ఆయన దిగ్గున లేచి, రిమోటెత్తి, రికార్డు చేయు ఎర్రమీటను నొక్కెను. నొక్కగనే తెరమధ్య ఒక పలక కోటతలుపువలె అడ్డుపడెను. ఆ సమయమునకు వేరొక రికార్డింగు నిర్ణయింపబడియున్నది: మేనత్త మేడ, ఎనిమిదివందల పదునాలుగవ భాగము, ప్రతిదినము. ఈ పెట్టె ఒక్కసారికి ఒక్కదానినే పట్టగలదు. పాతదానిని రద్దుచేయుదువా?

అప్పుడు గాని ఆయనకు ఒక రహస్యము తెలియలేదు. అత్తగారు రాత్రి ఎనిమిదింటికి చూచు మేనత్త మేడ సీరియలు ఆ వేళకే వచ్చునని రెండేండ్లుగా ఆయన భ్రమించుచుండెను. అది వచ్చుట నాలుగున్నరకు. అత్తగారు ఎన్నడో ఒకనాడు పట్టికలో దానిపై నొక్కి, రోజూ పట్టుమని పెట్టెకు ఆనతిచ్చి, ఆ వేళకు హాయిగా కునుకు తీయుచుండెను.

"ఐదొందల భాగాల నుంచి ఆ మేడమీద గది తలుపు తీస్తానంటోంది మేనత్త," అని అత్తగారు తెర వంకనే చూచుచు అన్నది. "ఇవాళ తీస్తుందట."

సెకన్లముల్లు ఎత్తిన రిమోటును దించెను.

"తీస్తే తియ్యనీండి. నా కూతురి మొహంకన్నా ఎక్కువా ఆ గది? రద్దు చేసెయ్యండి. కాకపోతే ఒక్క మాట మీ నోటితో వినాలి. ఆ గోడమీది గడియారం పది నిమిషాలు ఫాస్టని చెప్పండి. ముప్ఫయ్యొక్క ఏళ్ల కిందట మీరు ముల్లు తిప్పుతుంటే స్టూలు పట్టుకున్నది నేను."

ఇచట సంగ్రామము ఒక్క క్షణము స్తంభించెను. ఏలయనగా సెకన్లముల్లుకు అది జ్ఞప్తికి వచ్చెను. కొత్తగా ఉద్యోగములో చేరిన భార్య, మొదటి నెలలోనే రెండుమార్లు ఆలస్యమై, చేతిలో మెమోతో ఇదే హాలులో నిలుచుండి, ఇంకొకమారైనచో తీసివేయుదురు, ముల్లు కాస్త ముందుకు జరుపుమని అన్నది. గడియారముచేత అబద్ధమాడించుట ఆయన దృష్టిలో మహాపాతకము. అయినను స్టూలెక్కి ఆ పాతకమును చేసెను. ఒక వారము గడువనిమ్ము, సరిచేయుదుననుకొనెను. వారము గడచెను. ఏండ్లు గడచెను. గోడపై ఆ అబద్ధము క్షణక్షణము టిక్కుటిక్కుమని చెప్పబడుచు చెప్పబడుచు, తుదకు చెప్పించినవానికే నిజమైపోయెను. సోమరియైనది లోకము కాదు. లేని ఆలస్యమునకు టీవీవారిని తప్పుపట్టి మూడు ఉత్తరములు వ్రాసినది తాను.

గొంతు సవరించుకొనెను. పెదవి కదలెను. "ఆ గడియారం..." అనుచునే బొటనవ్రేలితో మీటను నొక్కెను.

పలక కదలలేదు. మరల నొక్కెను. కదలలేదు. ఆయుధము ప్రాణము విడిచెను. వీపున చరచెను. మూత తెరచి సెల్లులను అరచేతిలో దొర్లించి మరల పెట్టెను. చొక్కాకు రుద్దెను. ఊదెను. పలుకలేదు. ఎదుటి కొట్టు ఐదింటికి గాని తెరువరు. ఇంట నున్న గడియారములలో సగము కీ ఇచ్చునవి, సగము గుండీ సెల్లులవి. పెన్సిల్ సెల్లులు రెండే రెండు ఆ ఇంట సజీవముగా నున్నవి. అవి ముళ్లకొకటి, లోలకమునకొకటిగా, ఆ గోడ గడియారము వీపునందున్నవి.

ఆ గోడ చేరిననాటినుండి ఆ గడియారము ఆగి యెరుగదు. సెల్లు మార్చునప్పుడు సైతము ఆయన రెండవ చేతితో క్షణములు లెక్కించి, ఆగినంతమేర ముందుకు జరిపి, ఆ మచ్చ కనబడకుండ చేయువాడు.

తెరపై నాలుగూ ఇరువదియారు.

సెకన్లముల్లు స్టూలు లాగెను. లాగి, ఎక్కబోయి, వెనుదిరిగి చూచెను. ఎనుబదిరెండేండ్ల ఆపరేటరమ్మ వాలుకుర్చీలోనుండి లేచి, గోడ పట్టుకొని నడచివచ్చి, వంగి, రెండు చేతులతో స్టూలు కాళ్లు పట్టుకొనెను. ఆయన పైకెక్కి, గడియారమును త్రిప్పి, వ్రేలితో ఒకటి, మరియొకటి, రెండు సెల్లులను ఊడబెరికెను. లోలకము ఇటునుండి అటు పోయి, అటునుండి రాకుండెను. గోడపై నాలుగూ ముప్పదియేడు శాశ్వతమయ్యెను. హాలులో అంతవరకు ఎన్నడును వినబడని నిశ్శబ్దమొకటి వినబడెను.

దిగెను. సెల్లులను రిమోటులో క్రుక్కెను. నొక్కెను. మేనత్త మేడ మాయమయ్యెను. మరల నొక్కెను. దారి పొడవునా యను పేరు పక్కన, ఆవగింజంత, ఒక ఎర్రచుక్క వెలిగెను. నాలుగూ ఇరువదియెనిమిది.

"ఆ గడియారం..." అని ఆయన మొదలుపెట్టిన మాటను పూర్తిచేయబోయెను.

"చాల్లెండి," అని అత్తగారు కుర్చీలో వాలుచు అన్నది. "మాటకన్నా పెద్ద పనే చేశారు."

తరువాతి అరగంటయు సెకన్లముల్లు కార్యక్రమమును చూడలేదు. ఆమెకన్న ముందు తాను చూచుట న్యాయము కాదని టీవీని ఆర్పి, పెట్టె నొసట వెలుగు ఎర్రదీపమునే కన్నులలో వత్తులు వేసుకొని కాపుగాచెను. అది ఆరిన పిదప గాని ఒరిగిన టీ తుడువలేదు.

ఏడున్నరకు డ్రైవరమ్మ వచ్చెను. కాళ్లు కడుగుకొనక మునుపే కూర్చుండబెట్టిరి. పదునాలుగు నిమిషములు లారీలవారు, రెండు నిమిషములు ఒక రోడ్డు రోలరు, ఆ తరువాత ఆమె. పెద్ద చక్రముపై రెండు చేతులు, మొగమున అద్దపు వెలుతురు, కిటికీలో పరుగిడు వీధి. అంతయు కలిసి నలుబది క్షణములు. ఆమె ఊపిరి బిగబట్టి చూచెను. బొమ్మ పోయిన తరువాత భర్తవైపు తిరిగెను.

"మలుపు దగ్గర నేను నాలుక బయటపెడతానా?"

"పలక మీద రాసేటప్పుడూ అంతే నువ్వు," అని తల్లి అన్నది.

"ముప్ఫయ్యొక్క ఏళ్లు బస్సులో ఒక్కళ్లూ చెప్పలేదే." ఆమె నవ్వెను. నవ్వుచునే కన్నులు తుడుచుకొనెను. "మళ్లీ వెయ్యండి."

ఆయన వెనుకకు త్రిప్పి వేసెను. ఆమె మరల వేయుమనెను. నాలుకవద్ద ఆపుమనెను. ఆపెను. ఆ విధముగా ఏడుమార్లు ఆ బస్సు అదే మలుపు తిరిగెను.

అప్పుడామె గోడవంక చూచి, గడియారమేల ఆగెనని అడిగెను. సెకన్లముల్లు తలవంచుకొని సంగతియంతయు చెప్పెను. పది నిమిషముల ముచ్చట కూడ చెప్పెను.

"నాకు తెలుసుగా," అని ఆమె అన్నది. "పెట్టించింది నేనే."

"తెలిస్తే ఇన్నేళ్లూ ఒక్కమాట చెప్పలేదేం?"

"చెబితే సరిచేసేస్తారు. నేను లేటవుతాను." ఆమె స్టూలుపై చేయి వేసెను. "ఇంక పెట్టెయ్యండి సరిగ్గా. సోమవారం నుంచి నన్నెవరూ మెమో అడగరు."

ఎదుటి కొట్టునుండి కొత్త సెల్లులు వచ్చెను. ఆమె స్టూలు పట్టుకొనగా ఆయన పైకెక్కి, పట్టిక మూలన వెలుగు ఆ చిన్న అంకెనే గురువుగా నెంచి, నిమిషము మారు క్షణముకై ఊపిరి బిగబట్టి, ముల్లు త్రిప్పెను. ముప్పదియొక్క సంవత్సరముల అబద్ధము ఒక్క టిక్కుతో నిజమయ్యెను. మరునాటి భాగములో కూడ మేనత్త గది తలుపు తెరువలేదు గనుక అత్తగారికి సైతము నష్టమేమియు వాటిల్లలేదు.

ఈ విధముగా ఆ మహావీరుడు నాలుగువందల పదునారు ఛానళ్ల సేనను ఛేదించి, అక్షరారణ్యమును దాటి, స్వసింహాసనము గుండె పెరికి, ఆవగింజంత ఎర్రచుక్కను సాధించెను. ఈ గాథను చెవియొగ్గి వినినవారి రిమోట్లు సోఫా సందులలో జారకుండుగాక. వారి సెల్లులు అవసరపు వేళ చావకుండుగాక.

అది యట్లుండ, ఆ రాత్రి గోడ గడియారము తొమ్మిది కొట్టుచుండగనే తెరపై వార్తలు మొదలయ్యెను. ఒక్క నిమిషము అటు లేదు, ఇటు లేదు. సెకన్లముల్లు సోఫాలో వెనుకకు వాలి, కాలుమీద కాలు వేసుకొని, అత్తగారికి వినబడునట్లు భార్యతో అనెను:

"చూశావా? నా ఉత్తరాలు పనిచేశాయి."